తుపాకులు తుడిచే గుడ్డ

తుపాకీ నూనె రుచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అవ్వతో అని ఉంటే నా నోట్లో వేపాకు కుక్కి ఉండేది. నాయనతో అని ఉంటే నవ్వేసి ఊరుకునేవాడు. మొదట ఏ రుచీ ఉండదు, నాలుక మీద జారుతుంది, అంతే. కాసేపటికి పాత రాగి కాసు చప్పరించినట్టు ఒక చేదు మొదలై గొంతు వెనకాల గీరుకుంటూ కూర్చుంటుంది. నీళ్ళు తాగినా పోదు. ఆ రోజు నేను బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. ఆ చేదు బెల్లానికీ పట్టుకుంది. బెల్లం మండీ వాళ్ళింట్లో పుట్టి, అప్పటి నుంచి బెల్లం తినలేకపోతున్నాను. తీపి పొంగలి పెడితే ఆకు మీద ఒక మూలకు తోస్తాను. అవ్వ దాన్ని పొగరనుకుంటుంది.

నూనె నోటికి చేరింది ముడి వల్ల. గొట్టం లోపల శుభ్రం చేయాలంటే గుడ్డ పీలికను గట్టి దారానికి ముడివేసి, ఒక పక్కనుంచి వదిలి ఇంకో పక్కనుంచి లాగాలి. వేళ్ళ నిండా జిడ్డు ఉంటే ముడి బిగియదు. పళ్ళతో లాగాను.

మాది చిత్తూరు. చెరకు రైతులకు అడ్వాన్సులు ఇవ్వడానికి నాయన సంచీ పట్టుకుని పాకాల పక్క పల్లెలన్నీ తిరుగుతాడు. ఆ పేరు చెప్పి ఎప్పుడో రివాల్వరుకు లైసెన్సు తీసుకున్నాడు. దారిలో ఆయనకు ఎవరూ అడ్డం రాలేదు. రివాల్వరు చాలా ఏళ్ళు బీరువాలో పంచెల కింద పడుకుని ఉంది. అమ్మ పోయిన తర్వాత దాన్ని బయటికి తీశాడు.

అమావాస్యకు మండీలకు సెలవు. ఆ రోజు హమాలీలు మూట ఎత్తరు, రైతులు బండి కట్టరు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతగాక, పొద్దున్నే పెద్దలకు పెట్టిన ముద్ద కాకి ముట్టిందో లేదో చూసి, నాయన వ్యాను ఎక్కేవాడు. పూతలపట్టు దారిలో పాడుబడిన రాతి క్వారీ ఒకటి ఉంది. అక్కడ ఖాళీ నూనె డబ్బాలు వరసగా పేర్చి సాయంత్రం దాకా కాల్చేవాళ్ళు. నాయన కాక ఇద్దరు. ఒకాయన రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు, నేను మామా అనాలి. ఇంకొకాయనకు లారీలున్నాయి, ఆయన్ను చిన్నాయనా అనాలి. ఏదో క్లబ్బు పేరు మీద తూటాలు తెప్పించేది మామ. వ్యాను చిన్నాయనది. కాఫీ, బోండాలు మా ఇంటివి.

మొదటి అమావాస్య నాడే, మా తిన్నె మీద కాఫీ తాగుతూ మామ అన్నాడు.

“కాల్చిన దినమే తుడవల్లప్పా. రేపనుకుంటే తుప్పు తగులుకుంటాది. నా సర్వీసులో అయితే కానిస్టేబులు ఉండె. ఇప్పుడు మనకెవరుండారు?”

“మా పాప ఉండాది గదా,” అన్నాడు నాయన. “కుందులు తోమిందంటే మొగం కనపడతాది. ఒక మాట మాట్లాడదు, ఒక వస్తువు పారేయదు.”

“మాట్లాడని మనిషి చేతికే ఇయ్యల్లబ్బా తుపాకి,” అని లారీ చిన్నాయన నవ్వాడు. “మా ఇంట్లో ఇస్తే ఊరంతా తెలిసిపోతాది.”

నోరు లేకపోవడం నాకలా ఒక ఉద్యోగం తెచ్చిపెట్టింది.

వెనక దొడ్లో బట్టలుతికే బండ పక్కన పేపరు పరిచి కూర్చునేదాన్ని. ఒక సీసాలో కిరసనాయిలు, ఒక డబ్బీలో నూనె, సన్నటి ఇత్తడి బ్రష్షు, దారపుండ, వెదురు పుల్లలు, గుడ్డ పీలికలు. ఎలా చేయాలో మామ ఒకే ఒకసారి చూపించి, తన పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాడు. తూటాలు పెట్టే ఆరు గదుల చక్రాన్ని పక్కకు తెరవాలి. ఒక్కొక్క గదిలో కిరసనాయిలు తడిపిన గుడ్డ చుట్టిన పుల్ల తిప్పాలి. గొట్టంలోకి బ్రష్షు పోనిచ్చి, తర్వాత దారంతో పీలిక లాగాలి. పీలిక తెల్లగా వచ్చేదాకా లాగాలి. అది ఎప్పటికీ తెల్లగా రాదు. నల్లగా వస్తుంది, తర్వాత బూడిదరంగులో వస్తుంది, ఇక చాలనుకునేసరికి మళ్ళీ నల్లగా వస్తుంది. కుళ్ళిన గుడ్డు, కాలిన వెంట్రుకలు, పాత ఇనుము కలిసిన కంపు. ఎవరో తెలియని మనిషి నోరు తెరిచి, పుచ్చిపోయిన పళ్ళ మధ్య వేలు పెట్టి కెలుకుతున్నట్టు ఉండేది నాకు.

నవలల్లో తుపాకులు చాలా చూశాను. లైబ్రరీ నుంచి తెచ్చుకున్నవి వంటింటి పొయ్యి వెనక కూర్చుని చదివేదాన్ని. తళతళలాడే రివాల్వరు తీస్తాడు, కాలుస్తాడు, పొగ తేలుతుంది, కథ ముందుకు పోతుంది. ఆ తళతళ ఎవరి గోళ్ళ సందుల్లోంచి వచ్చిందో ఒక్క పుస్తకంలోనూ లేదు. నా బొటనవేలి మసి ముద్ర ఒకసారి లైబ్రరీ పుస్తకం పేజీ మీద పడింది. తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియను పేజీ నా వైపు తిప్పి, “ఏమ్మా, లారీ కింద పండుకోని చదివినావా?” అన్నాడు. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. నెల రోజులు ఆ దారికి పోలేదు.

మామ రివాల్వరు కొంత నయం. పోలీసు అలవాటు వల్ల పైపైనైనా తుడుచుకునేవాడు. నాయనది మాత్రం రెండు వేళ్ళతోనే పట్టుకునేదాన్ని. నాయనకు దేనికైనా బొట్టు పెట్టనిదే చెయ్యి ఆడదు. మండీలో తక్కెడకు పెడతాడు, ఇనప్పెట్టెకు పెడతాడు, కొత్త గోనె సంచుల కట్టకు కూడా పెడతాడు. అలాగే రివాల్వరుకూ గంధం రాసి కుంకుమ పెట్టి గానీ క్వారీకి బయలుదేరడు. కాల్చేటప్పటి వేడికి గంధం పెంకు కట్టేది. కుంకుమ, నూనె, మసి కలిసి సందుల్లోకి దిగి, పుండు మీద రసి ఎండినట్టు గట్టిపడేది. చీపురు పుల్లతో గీకి గీకి తీయాలి. గీకినదంతా గోళ్ళలో చేరేది. దాని రంగు చూస్తూ కూర్చుంటే అది కుంకుమేనని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చేది.

దాని మీద బెల్లం. మండీలో అచ్చు విరిచి చూసి, రుచి చూసి, వేళ్ళను పంచెకు రాసుకునే మనిషి. ఎంత కడిగినా ఆ వేళ్ళ సందుల్లో జిగురు ఉండనే ఉంటుంది. అదంతా రివాల్వరు పిడి గీతల్లో చేరేది. ఒక అమావాస్య నాడు రివాల్వరు సంచీ విప్పితే చీమలు. పిడి మీద బారులు తీరి, చక్రం చుట్టూ తిరిగి, గొట్టంలోకి దూరుతున్నాయి. పీలిక లాగితే మసితో పాటు చచ్చిన చీమలు పొట్లం కట్టినట్టు బయటికొచ్చాయి. నేను లేచి వెళ్ళి దొడ్డి గోడ పక్కన కక్కుకున్నాను. తిన్నె మీద మామ పెద్దగా నవ్వుతున్నాడు.

“చీమలు పట్టే తుపాకి భూమ్మీద నీదొక్కటేనప్పా! దొంగోడు వస్తే కాల్చబాకు, చీమల్ని వదులు. సాలు!”

“నా బెల్లం నాణ్యం అట్లాంటిదిలేబ్బా,” అన్నాడు నాయన. ఆయనకు అది గొప్పగానే ఉన్నట్టుంది.

లారీ చిన్నాయన కొన్నాళ్ళకు పిస్తోలు ఒకటి కొన్నాడు. దాన్ని కొట్టిన గువ్వలతో కలిపి ఒకే సంచిలో వేసుకొచ్చేవాడు. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీకి చిన్న ఈక ఒకటి అతుక్కుని ఉండేది. ఎండిన నెత్తురుతో అంటుకున్న ఈక లాగితే రాదు. నీళ్ళతో తడిపి నానబెట్టాలి. నానేకొద్దీ అది మళ్ళీ పచ్చిదవుతుంది.

ఆ రాత్రుళ్ళు అన్నంలో చెయ్యి పెట్టబుద్ధయ్యేది కాదు. కుంకుడుకాయతో, బూడిదతో, చింతపండుతో, ఆఖరికి పేడతో కూడా కడిగి చూశాను. ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ముందు వేళ్ళ వాసన వచ్చేది. చెంచాతో తినడం మొదలుపెట్టాను.

“సూడ్రా నీ కూతుర్ని,” అంది అవ్వ నాయనతో. “దొరసాని. చెంచాతో సంగటి తింటాది.”

“తిననీలేమ్మా. పుస్తకాలు చదివే పిల్ల గదా,” అన్నాడు నాయన. ఎందుకు తింటున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కంపును ఎలాగో ఓర్చుకున్నాను. అసలు బాధ గుడ్డ దగ్గర మొదలైంది.

కొత్త గుడ్డ పనికిరాదు, పోగులు ఊడి గొట్టంలో ఇరుక్కుంటాయి. పంచె మందం. టెరికాటన్ నూనె పీల్చదు. ఈ తీర్పులన్నీ మామవి. “పాత నూలుచీర ఉండాది సూడు, కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడింది, దానికి మించింది లేదు,” అన్నాడు. మా ఇంట్లో పాత నూలుచీరలంటే అమ్మవే. అవ్వ కట్టేవి రెండే, అవి ఒంటి మీదా దండెం మీదా ఉంటాయి.

అమ్మ చీరలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటితో బొంత కుట్టాలని అవ్వా నేనూ అనుకున్నాం. మా ఇళ్ళల్లో ఆడమనిషి పోతే ఆమె చీరలు కొన్ని చాకలామెకు ఇచ్చి, మిగిలినవి ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుడతారు. ఇంట్లో పెద్దామె అంచు నుంచి కుట్టు మొదలుపెట్టాలి, కూతురు మొదట కప్పుకోవాలి. పైకొకటి, కిందికొకటి, మధ్యలో రెండు, నాలుగు చీరలైనా లేకపోతే బొంత నిలవదు. అవ్వకు చూపు మసకబారుతోంది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తే తడుముకుంటూ కుడతానంది.

“కార్తీకం చలి రాకముందే మొదలుపెట్టల్ల మే,” అనేది. “నా కండ్లు ఇంగ శానా దినాలు రావు.”

నాకు ఆ ఏడాది కావాలనిపించింది అదొక్కటే. అమ్మ ఫోటో కూడా సరైనది లేదు. గుంపులో ఎక్కడో వెనక నిలబడి, తల తిప్పుకున్నప్పుడు తీసినదే ఉంది.

మొదట అంచు చిరిగిన చీర ఒకటి ఇచ్చాను. తుపాకులు మూడయ్యాక ఒక అమావాస్యకు అర చీర అయిపోయేది. రెండో చీర ఇచ్చాను. తర్వాత నా పాత పావడాలు, ఓణీలు చించి వాటిలో కలిపాను. ఓణీ జారుడుగా ఉందని మామ చెబితే నాయన నన్ను పిలిచి, “మొన్నటి మాదిరి మెత్తటిది ఇయ్యమ్మా,” అన్నాడు. మూడో చీర కూడా పోయింది. ఒక్కొక్క పీలిక నల్లగా బయటికి వస్తుంటే అది అమ్మ ఎప్పుడు కట్టిందో గుర్తుకు తెచ్చుకోకుండా ఉండటానికి, చదువుతున్న నవలలో ఎక్కడ ఆపానో ఆలోచించేదాన్ని. చివరికి పెట్టెలో నాలుగు మిగిలాయి. బొంతకు సరిగ్గా సరిపోయేవి. పైన పరవడానికి చుంగుడి చీర తీసిపెట్టాను. వంకాయరంగు మీద తెల్లటి చుక్కల చీర. మిగిలిన మూడూ దాని కింద మడిచి, పైన పాత దుప్పటి కప్పి పెట్టె మూశాను. అవ్వ కూడా మంచి రోజు చూసింది. వచ్చే అమావాస్య దాటితే మొదలు.

ఆ అమావాస్యకు నేను తిరుపతిలో ఒక పరీక్ష రాయడానికి వెళ్ళాల్సి వచ్చింది. పక్కింటి అక్క తోడు వచ్చింది. పోయేముందు నా పావడా ఒకటి పీలికలుగా చించి, బండ పక్కన బుట్టలో పెట్టాను. ఆ పూట వచ్చాక ఎంత పొద్దుపోయినా తుడుస్తానని నాయనతో చెప్పాను. చెప్పడమంటే, తల ఊపాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మూల తిరగ్గానే మా తిన్నె మీద నవ్వులు వినబడ్డాయి. తర్వాత ఆ రంగు కనబడింది. లారీ చిన్నాయన ఒళ్ళో వంకాయరంగు గుడ్డ కుప్పగా ఉంది. పిస్తోలును దానితో తిప్పి తిప్పి రుద్దుతున్నాడు. నాయన చేతిలో ఇంకో ముక్క. మామ చేతిలో పైటకొంగు ముక్క.

“పాపొచ్చిందబ్బా,” అన్నాడు మామ. “నువ్వు లేవని పైపైన మేమే తుడుస్తా ఉండాం. బుట్టలో గుడ్డ పనికిరాలేదు. మీ అవ్వ మంచిది ఇచ్చిందమ్మా ఈసారి, వెన్న మాదిరి ఉండాది.”

అంటూనే ఆ ముక్కతో, తమలపాకు ఎరుపు కారుతున్న పెదవిని ఈ చివర నుంచి ఆ చివరికి తుడుచుకున్నాడు.

తర్వాత అనుకున్నాను, మసి వరకే అయితే ఆ రోజు కూడా లోపలికి వెళ్ళిపోయేదాన్నేమో అని. ఆ ఎర్రటి ఉమ్మి తెల్లటి చుక్కల మీద పాకడం చూశాక చెయ్యి చాచాను.

“ఇట్లియ్యండి,” అన్నాను.

ఎవరికీ వినబడలేదు. ఎవరికైనా వినబడేలా నేను మాట్లాడింది తక్కువ. మళ్ళీ అన్నాను.

“ఏందమ్మా?”

“ఆ గుడ్డ ఇట్లియ్యండి మామా.”

“ఇది ఎంగిలైందమ్మా. ఇంగా ఉండాయిలే, ఆ పక్కది తీస్కో.”

“అన్నీ ఇయ్యండి.”

వాళ్ళు ఇచ్చేదాకా ఆగలేదు. మామ వేళ్ళ మధ్య నుంచి లాక్కున్నాను. చిన్నాయన ఒళ్ళోంచి తీసుకున్నాను. తిన్నె కింద పడినవి ఏరుకున్నాను. నాయన చేతిలోది మాత్రం నాయన వదల్లేదు.

“ఏం పాపా అది? పెద్దోళ్ళ చేతిలోది గుంజుకుంటారా?”

“అమ్మ చీర నాయనా ఇది.”

“ఏ చీర?” అన్నాడు నాయన.

బుకాయించడానికి అన్నమాట కాదు. నిజంగానే తెలియక అడిగాడు. చేతిలో ముక్కను పైకెత్తి వెలుతురుకు పట్టి చూశాడు. గొట్టంలో మసి పోయిందా లేదా అని చూసే చూపే అది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ కదల్లేదు. అప్పుడు నాకు కలిగింది కోపం కాదు. చీమల నాడు కలిగినదే, కడుపులోంచి పైకి వచ్చేది. ఈసారి అది తుపాకీని చూసి కాదు.

“పాత చీరే గదమ్మా,” అన్నాడు లారీ చిన్నాయన. “రేపే తానుకు తాను మెత్తటి గుడ్డ పంపిస్తాలే, ఏడవబాక.”

నేను ఏడవడం లేదు.

“అప్పా, మీ పాపకు నోరుండాదే!” అన్నాడు మామ. “ఇన్ని దినాలు యాడ దాసిపెట్టినావబ్బా?”

నాయనకు ముఖం చెల్లలేదు. గొంతు తగ్గించి, “సర్లే, పోయి కాళ్ళు కడుక్కో. తుపాకులు వెనకాల పెడతా, తుడిసేయ్,” అన్నాడు.

“తుడవను.”

“యాల?”

“రోత నాయనా. నాకు రోత.”

వీధిలో పోయేవాళ్ళు ఒకరిద్దరు ఆగారు. మామ నవ్వు ఆపాడు. తన రివాల్వరును పేపర్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు.

“రోతంట. ఇన్ని దినాలు లేని రోత. పదప్పా, పోదాం. మా ఇంట్లో ఆడోళ్ళకు ఇంగా ఇంత చదువు రాలేదులే.”

“మా ఇంటామెకు ఇస్తే దాంతోనే నన్ను కొడతాది,” అన్నాడు చిన్నాయన. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. పిస్తోలు తీసుకుని ఆయన కూడా వ్యాను ఎక్కాడు.

నేను దొడ్లోకి వెళ్ళాను. బండ మీద ముక్కలన్నీ పరిచి చూశాను. చీర సగం పైనే పోయింది. పైటకొంగు ఏడు ముక్కలైంది. కుంకుడు రసం పోసి రుద్దుతుంటే నల్లటి నీళ్ళు బండ మీంచి కారి నా పాదాల కిందికి వచ్చాయి. మసి కొంత వదిలింది. తమలపాకు మరక గోధుమరంగుకు తిరిగింది గానీ పోలేదు. రుద్దేకొద్దీ గుడ్డే చివికిపోతోంది.

అవ్వ గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. తడి ముక్క ఒకటి తీసి వేళ్ళతో తడిమింది.

“మీ నాయన గుడ్డకోసరం అరస్తా ఉంటే పెట్టె తెరిసినా మే. కండ్లకేమీ ఆనలేదు. చేతికి మెత్తగా తగిలింది, ఇచ్చినా. ఏ చీర అది?”

“చుంగుడి, అవ్వా.”

అవ్వ చెయ్యి ఆగిపోయింది.

“అమాస చీరా?” అంది.

అవ్వ ఆ ముక్కను పిండి, మోకాలి మీద పరిచి, చాలాసేపు అరచేత్తో సాపు చేసింది. తర్వాత దీపం పెట్టాలంటూ లేచి లోపలికి వెళ్ళింది.

అమాస చీర అని పేరు పెట్టింది అవ్వే. అమ్మ ఆ చీరను ఇంకే రోజూ కట్టేది కాదు. నెలంతా నాయన తెల్లవారకముందే మండీకి పోయి, అందరూ పడుకున్నాక వచ్చేవాడు. సెలవని ఇంట్లో ఉండేది అమావాస్య ఒక్క రోజే. ఆ పూట అమ్మ తలస్నానం చేసి, చుంగుడి చీర కట్టుకుని, ఆయన భోంచేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరేది. “మొగుడు ఇంట్లో ఉండే పండగరా ఇది,” అని అవ్వ ఎగతాళి చేసేది. అమ్మ పైటతో నోరు మూసుకుని నవ్వేది. ఆయన పెరుగన్నం తింటూ, మండీ రేట్లు చెబుతూ ఉండేవాడు.

చీకటి పడుతుండగా నాయన దొడ్లోకి వచ్చాడు. చేతిలో రివాల్వరు, భుజం మీద తుండుగుడ్డ. నా వైపు చూడకుండా మెట్టు మీద కూర్చున్నాడు. తుండుగుడ్డ అంచు పళ్ళతో పట్టి చించాడు. కిరసనాయిలు ఎక్కువ పోసుకుని పంచె తడుపుకున్నాడు. పుల్ల విరిగింది, ఇంకొకటి తీసుకున్నాడు. కుంకుమ పెంకును గోటితో గీకి, ఆ గోటిని దగ్గరగా చూసుకుని, గోడకు రాశాడు. కాసేపాగి మళ్ళీ రాశాడు. నేను ముక్కలను ఒక్కొక్కటే పిండి దండెం మీద వేస్తున్నాను. సాయం చేయమని ఆయన అడగలేదు. అడిగినా నేను చేసి ఉండను. ఆయనను చూస్తే నాకు జాలి కలగలేదు. ఆ సంగతి ఇప్పుడు కూడా అలాగే రాస్తున్నాను.

మరుసటి అమావాస్యకు వ్యాను రాలేదు. తర్వాతా రాలేదు. రివాల్వరు మళ్ళీ పంచెల కిందికి పోయింది. బొంత కూడా కుట్టలేదు. మూడు చీరలకు నిలవదని అవ్వ మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. నాయనా నేనూ ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటాం, అన్నం గురించి, కరెంటు గురించి, మండీకి క్యారియరు పంపడం గురించి. ఆ చీర గురించి మాత్రం ఆయన నాతో అన్న ఆఖరి మాట ఆ సాయంత్రం అన్నదే. నేను ఆఖరి ముక్క దండెం మీద వేసి లోపలికి పోతుంటే, తల ఎత్తకుండానే వెనకనుంచి అడిగాడు:

“ఆ చీర మీ అమ్మ ఎప్పుడు కట్టుకుంటా ఉండె పాపా?”